నాన్న పేరు మీది లైను

డిసెంబర్ 1, సోమవారం

పొద్దున్నుంచి ఇంటర్నెట్ లేదు. రేపటికి వస్తుందిలే.

డిసెంబర్ 2

రాలేదు. ఇంటర్నెట్ పెట్టె మీద ఎర్రదీపం అలాగే ఉంది. ఫోన్ తెరిస్తే మాత్రం "దోన్ లిబార్దో. కనెక్ట్ అయింది. ఇంటర్నెట్ లేదు" అని చూపిస్తోంది. పెట్టె బిగించిన రోజు నాన్న దానికి తన పేరే, ముందు 'దోన్' అన్న గౌరవంతో సహా, పెట్టించుకున్నాడు. వీధిలో ఎవరు ఫోన్ తీసినా ముందు దోన్ లిబార్దో కనబడాలట. ఇంటర్నెట్‌తో ఏం చేస్తారో ఆయనకి చివరిదాకా అంతు పట్టలేదు. పేరు కనబడుతుందన్నది మాత్రం బాగా అర్థమైంది.

కారణం మధ్యాహ్నం తెలిసింది. నవంబరు చివర, డిసెంబరును పిలుచుకొచ్చే రాత్రి మా దోస్‌కెబ్రాదాస్ ఊళ్ళో ఎవరూ పడుకోరు. టపాసులు, పాటలు, కింద మంట పెట్టి ఎగరేసే కాగితపు బెలూన్లు. పోలీసులు వద్దంటారు కాబట్టి ఇంకా పెద్దవి చేస్తారు. మా వీధి బెలూన్ ఏటా నాన్నే చేసేవాడు. ఈ ఏడు పక్కింటి ఎవేలియో బాబాయ్ చేశాడు. నేను చూడటానికి బయటికి వెళ్ళలేదు. అది పైకి లేచి, ఏం తోచిందో ఏమో, తిరిగొచ్చి మా స్తంభం మీద కూర్చుందట. తీగెలన్నీ కరిగిపోయాయి.

బాబాయ్ గోడ అవతల టోపీ తీసి నిలబడ్డాడు.

"ఎవరు చేశారు బాబాయ్ ఈ పని?"

"గాలి చేసింది తల్లీ."

"గాలే కాగితాలు అంటించిందా?"

"కోప్పడకే మర్లేనీ. మీ నాన్న పేరు రాశాం దాని మీద. 'లిబార్దో, పైనుంచి చూస్తూండు' అని. అక్షరాలు ఎక్కువైపోయి కాస్త పెద్దది చేయాల్సొచ్చింది. బరువెక్కింది."

ఆగస్టులో అంత్యక్రియలు అయిన దగ్గర్నుంచీ ఈ వీధిలో అందరూ ఇలాగే మాట్లాడుతున్నారు. పైనుంచి చూస్తున్నాడట. చూస్తున్న మనిషి తన లైను తానే కాల్చుకుంటాడా? లోపలికి వచ్చి తలుపు గట్టిగా వేశాను.

డిసెంబర్ 3

నా మేనేజర్ హేఫెర్సన్ మెసేజ్ పెట్టాడు. ఈ పదిహేనో తేదీ సోమవారం సాయంత్రంలోగా నా ఇంటి లైను బాగుపడిందని చూపించాలి. లేకపోతే పదహారు నుంచి పక్క నగరం పెరేరాలోని ఆఫీసుకు వచ్చి కూర్చోవాలి, కుదరకపోతే రాజీనామా ఇవ్వాలి. చివర నవ్వు మొహం బొమ్మ కూడా పెట్టాడు.

ఆఫీసుకు నేను వెళ్ళలేను. మతి నిలవని అమ్మను ఒంటరిగా వదిలి, పోయిన సెప్టెంబరులో ఒకేఒక్కసారి బజారుకు వెళ్ళాను. చెప్పుల్లేకుండా వంతెన దాకా నడిచి వెళ్ళిపోయింది. ఎవరో బస్సు డ్రైవరు తీసుకొచ్చి దింపాడు. అమ్మను చూసుకుంటూ చేయగలిగిన ఉద్యోగం నాకు ఇదొక్కటే దొరికింది. ఇది పోతే అమ్మను ఏ వృద్ధుల ఇంట్లోనో పెట్టాలి. ఇంకోసారి రాయను ఆ మాట.

తమాషా ఏమిటంటే నా ఉద్యోగం కూడా ఇదే. తెల్లవారక ముందే లేచి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, స్పెయిన్‌లో ఇంటర్నెట్ రాని వాళ్ళు తిట్టే తిట్లు వింటాను. "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అంటాను. రోజుకి ఎన్నిసార్లు అంటానో. ఇవాళ మా ఇంటి లైను ఇచ్చిన కంపెనీ వాళ్ళకి నేను ఫోన్ చేస్తే అటునుంచి "మీ ఇబ్బంది నాకు అర్థమైంది మేడమ్" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం అవతలివాళ్ళకి ఎందుకు మండేదో ఇప్పుడు తెలిసింది.

మనిషి దొరకడానికి ముందు క్లారితా అనే మిషనుతో మాట్లాడాలి. సగం రోజు దాంతోనే సరిపోయింది. "మీ పెట్టెను ఒకసారి ఆపి మళ్ళీ వేశారా?" అంటుంది. వేశాను క్లారితా. "బాగైందా?" కాలేదు క్లారితా. "సంతోషం! ఇంకేమైనా సహాయం కావాలా?"

అమ్మ అడిగింది, లిబార్దో ఏడే అని. పానెలా బెల్లం కొనడానికి బజారుకి వెళ్ళాడన్నాను.

డిసెంబర్ 4

వీధి అంతటికీ ఇంటర్నెట్ వచ్చింది. మాకు తప్ప.

పొద్దున బండి వచ్చి స్తంభం మీది పెద్ద తీగ మార్చి వెళ్ళింది. స్తంభం నుంచి మా ఇంట్లోకి వచ్చే సన్నతీగ కూడా కాలిపోయిందని ఎవరూ చూడలేదు. ఫోన్ చేస్తే "మీ వీధి సమస్య పరిష్కారమైంది మేడమ్" అని ఒకటే పాట. పరిష్కారమైతే ఈ ఎర్రదీపం ఏమిటి? పండగ అలంకారమా?

చివరికి ఒకతను దయతలిచాడు. ఇంటి తీగ వేరే ఫిర్యాదు, దానికి మనిషిని పంపాలి, పంపాలంటే ఖాతాదారు స్వయంగా మాట్లాడాలి అన్నాడు. ఖాతాదారు లిబార్దో గారు.

"ఆయన బయటికి వెళ్ళారు," అన్నాను.

"పరవాలేదు మేడమ్. వచ్చాక చేయించండి."

తప్పేముంది? పోయారని చెప్తే కాంట్రాక్టు అక్కడికక్కడ రద్దు చేస్తారు. కొత్తది రావాలంటే ఎన్ని వారాలో. పని జరిగే దారి చూసుకోవాలి కదా మనిషి. ఇంతకంటే వేరే కారణమేమీ లేదు.

ఎవేలియో బాబాయ్ గోడ మీదనుంచి అన్నాడు, "ఉన్న మాట చెప్పెయ్యరాదూ, పోయాడని?"

"మీరు బెలూన్లు చేసుకోండి బాబాయ్. ఫోన్లు నేను చూసుకుంటా."

డిసెంబర్ 5

బాబాయ్ ఇంటి నుంచి గోడ మీదుగా తీగ లాగించుకుని పనికి కూర్చున్నాను. ఆయన మనవలు ఆట మొదలుపెడితే నా కంప్యూటరు నిలిచిపోతుంది. నేను అరుస్తాను, ఆయన వాళ్ళని అరుస్తాడు, మళ్ళీ కదులుతుంది.

స్పెయిన్‌లోని జారగోసా నుంచి ఒక ముసలాయన ఫోన్ చేశాడు. ఇంటర్నెట్ రావడం లేదట. కాంట్రాక్టు భార్య పేరు మీద ఉంది. ఫోన్ ఆవిడకి ఇవ్వండి సార్ అన్నాను, నా ముందు రాసి ఉన్నదే అది.  "ఆమె ఇప్పుడు రాలేదమ్మా," అన్నాడు. "వచ్చాక చేయించండి సార్," అన్నాను నేను. నా నోటితోనే.

డిసెంబర్ 6

తీగ సంగతి హేఫెర్సన్‌కి తెలిసిపోయింది. లైను వేరే ఇంటి చిరునామా చూపిస్తోందట, కస్టమర్ల వివరాలు పరాయి లైనులో వెళ్ళకూడదట. నా కంప్యూటరుకి తాళం వేశారు.

"అక్కా, నేనేం చేయను? నా చేతిలో లేదు," అన్నాడు.

"మీ ఇబ్బంది నాకు అర్థమైంది," అన్నాను.

డిసెంబర్ 7, ఆదివారం

దీపాల సాయంత్రం. వీధి పొడుగునా కాలిబాట మీద కొవ్వొత్తులు. అమ్మ ఇవాళ చాలా బాగుంది, తానే తల దువ్వుకుంది, తానే కొవ్వొత్తులు తెచ్చుకుంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బతికున్న వాళ్ళ దీపాలు రోడ్డు అంచున పెడతాం, పోయిన వాళ్ళవి గోడ వారగా. అమ్మమ్మకి, తాతయ్యకి, చిన్నప్పుడే పోయిన మావయ్యకి గోడ వైపు పెట్టింది. నాకు, తనకి రోడ్డు వైపు. ఇంకొకటి వెలిగించి, "ఇది లిబార్దోకి," అని గోడ వారగా పెట్టింది.

పాపం, పొరపాటు పడింది. నేను ఆ దీపం తీసి రోడ్డు అంచున పెట్టాను. తాగడానికి అగుఆపానెలా, అదే బెల్లం నీళ్ళు, వేడి చేసుకుని తిరిగి వచ్చేసరికి అది మళ్ళీ గోడ దగ్గరుంది. అమ్మ దానికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. ఈ మధ్య ఏది ఎక్కడ పెట్టాలో కూడా మర్చిపోతోంది.

డిసెంబర్ 8

సెలవు. కంపెనీకి కూడా. క్లారితాకి మాత్రం సెలవు లేదు, "పండగ శుభాకాంక్షలు" చెప్పింది.

డిసెంబర్ 9

ఇవాళ తీగ బాగుచేసే మనిషి వచ్చాడు! ఎలా వచ్చాడో నాకే తెలియదు, ఏ ఫిర్యాదు పట్టుకుని వచ్చాడో. నిచ్చెన, సంచీ, కంపెనీ చొక్కా. నాకు అతణ్ణి వాటేసుకోవాలనిపించింది.

తల ఎత్తి ఒక్క చూపు చూసి, "ఇదా? అర్ధగంట పని," అన్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. "ఖాతాదారుని పిలవండి మేడమ్. ఫోటో తియ్యాలి. ఫోటో ఎక్కకపోతే పని తెరుచుకోదు."

"నా ఫోటో తియ్యండి. వాళ్ళమ్మాయినే."

"మీరు లిబార్దో గారిలా లేరు కదా."

"ఆయన పోలికే అంటారు అందరూ."

నవ్వాడు గానీ కదల్లేదు. అమ్మ అగుఆపానెలా గ్లాసు పట్టుకొచ్చి అతని చేతిలో పెట్టింది. క్రితం సారి పెట్టె బిగించిన వాళ్ళకి నాన్న కిందనుంచి నిచ్చెన పట్టుకున్నాడని, వాళ్ళు వద్దంటున్నా వదల్లేదని, చివరికి వాళ్ళకి భోజనం పెట్టి పంపాడని మొత్తం కథ చెప్పింది. ఒక్క ముక్క మర్చిపోలేదు. నేను అమ్మ వైపు చూడలేక నిచ్చెన వైపు చూశాను.

"ఎప్పుడొస్తారు ఆయన?" అని అడిగాడు అతను.

"సాయంత్రం."

"అయిదింటిదాకా ఈ కొండ మీదే ఉంటాను. వస్తే ఒక్క ఫోన్ కొట్టండి. మళ్ళీ మా లైన్లో పడితే ఎప్పటికవుతుందో."

అయిదింటిదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. రోడ్డు మలుపు వైపే చూస్తూ. ఎవరి కోసం చూశానో ఇక్కడ రాయను.

తర్వాత మెసేజ్ వచ్చింది: ఖాతాదారు ఇంట్లో లేనందున ఫిర్యాదు మూసివేయబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

డిసెంబర్ 10

ఒక నక్షత్రం.

డిసెంబర్ 11

గతి లేక ఎవేలియో బాబాయ్‌ని నాన్నగా మాట్లాడమన్నాను. బెలూన్ తప్పు దిద్దుకునే అవకాశం దొరికిందని ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఫోన్‌లో చొక్కా కనబడదు బాబాయ్ అంటే, "గొంతులో తెలుస్తుందే," అన్నాడు.

నాన్న గుర్తింపు కార్డు నంబరు ఆయన ముందు పెట్టాను. ఫోన్ బల్ల మీద, స్పీకర్ పెట్టి.

"లిబార్దో గారేనా మాట్లాడేది?"

"నేనే. లిబార్దోనే. బాగా బతికే ఉన్నాను, దేవుడి దయవల్ల."

అంత అడిగిందెవరు? నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. కానీ ఆ "నేనే లిబార్దో" అన్న మాట విన్నాక అక్కడ కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. నీళ్ళ చప్పుడులో తర్వాతి ప్రశ్న నాకు సరిగా వినబడలేదు.

పుట్టినతేదీ అడిగారట. కంగారులో బాబాయ్ తన పుట్టినతేదీ చెప్పాడు. మళ్ళీ అడిగితే, "రెండూ నావే," అన్నాడట.

మోసం జరిగిందన్న అనుమానంతో ఖాతాను ఆపేశారు. ఇక ఖాతాదారు కార్డు పట్టుకుని స్వయంగా వాళ్ళ పెరేరా ఆఫీసుకు రావాల్సిందే. బాబాయ్ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "వాడి లాగా ఒక్క నిమిషం కూడా ఉండలేకపోయానే," అన్నాడు. ఆయన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టలేకపోయాను. కాఫీ పెట్టి ఇచ్చాను.

అమ్మ అంతా వింటూ కూర్చుంది. బాబాయ్ వెళ్ళాక అడిగింది, లిబార్దో ఏడే అని. పానెలాకి వెళ్ళాడన్నాను.

డిసెంబర్ 12

అమ్మను తీసుకుని బస్సులో పెరేరా వెళ్ళాను. షాపింగ్ మాల్ మూడో అంతస్తులో ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసు. చీటీ ఇచ్చారు, తెర మీద నంబరు వచ్చేదాకా కూర్చున్నాం. క్రిస్మస్ పాట ఒకటే తిరిగి తిరిగి పెడుతున్నారు. అమ్మ దాన్ని పక్కవాళ్ళతో కలిసి పాడింది.

కౌంటరు అమ్మాయికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు.

"ఖాతాదారు రాలేదా?"

"నడవలేరు."

"చక్రాల కుర్చీలో తీసుకురండి మేడమ్. మాకు ర్యాంపు ఉంది."

"మంచం మీద నుంచి లేవలేరు."

"అయితే డాక్టరు చీటీ తెస్తే మా మనిషిని మీ ఇంటికి పంపిస్తాం. ఆయన వేలిముద్ర తీసుకుంటారు."

ఒక అబద్ధం మోయడానికి ఇంకొకటి, దాన్ని మోయడానికి మరొకటి. అమ్మ నా పక్కనే కూర్చుని నా మొహం వంకే చూస్తోంది. ఆమె చూపులో కోపం లేదు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అలా చూసేది.

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. అందరూ చూశారు, చూడనీ. సోమవారం సాయంత్రం ఉద్యోగం పోతుంది. అమ్మను ఎక్కడ పెట్టను? తెలియని వాళ్ళ చేతుల్లో, తెలియని మంచం మీద, పొద్దుటే లేచి చెప్పులు కూడా వెతుక్కోలేని మనిషిని? దేవుడా, ఒక చిన్న తీగ. అర్ధగంట పని అన్నాడు.

డిసెంబర్ 13, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి లైన్లో ఉన్నది సముద్రం వైపు అమ్మాయి, యాస వింటే తెలుస్తోంది. మాట మెత్తగా ఉంది. స్పీకర్ పెట్టి ఫోన్ వంటింటి బల్ల మీద పెట్టుకున్నాను. అమ్మ అదే బల్ల మీద బున్యుఎలోలకి, నూనెలో వేయించే ఉండలకి, జున్నూ పిండీ కలుపుతోంది. ఖాతా ఆపేసి ఉందని ఆ అమ్మాయి, తెలుసని నేను. ఖాతాదారుతో మాట్లాడాలని ఆ అమ్మాయి.

"ఆయన బయటికి వెళ్ళారు," అన్నాను.

"ఎప్పుడొస్తారు మేడమ్?"

 సాయంత్రం, రేపు, వచ్చేవారం, అన్నీ చెప్పేశాను ఇదివరకే.  ఆ అమ్మాయి హలో హలో అంటోంది.

అమ్మ పిండి చేతులతోనే ఫోన్ తన వైపు లాక్కుంది.

"అమ్మాయ్, ఆయన రాడు. లిబార్దో పోయాడు. ఆగస్టులో పోయాడు, వానలో. నేను ఆయన పెళ్ళాన్ని, రుబియేలాని. మా పిల్లకి ఆ మాట నోటికి రాదు. నువ్వేమీ అనుకోకు."

చేపలు అమ్మేవాడితో బేరమాడేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది అమ్మ గొంతు. తడబాటు లేదు. నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

 ఆ అమ్మాయి, రాసిచ్చిన మాట కాదది, "అయ్యో, అమ్మా," అంది. గొంతు సవరించుకుని, "మేడమ్, ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదా మాకు?"

"లేదు," అన్నాను.

"చెప్పి ఉంటే ఎప్పుడో అయిపోయేదండీ. రిపేరుకైతే ఖాతాదారు కావాలి. మరణమైతే పాత కాంట్రాక్టు మూసేసి కొత్తది తెరుస్తాం. కొత్త కస్టమర్లకి మా వాళ్ళు మర్నాడే పరిగెత్తుకొస్తారు. రేపు ఆదివారం కాబట్టి సోమవారం పొద్దున పంపిస్తాను. ఎవరి పేరు మీద పెట్టమంటారు?"

నేను నోరు తెరిచేలోగా, "నా పేరు మీద," అంది అమ్మ.

గుర్తింపు కార్డు నంబరు అడిగితే ఒక్క అంకె తప్పకుండా చెప్పింది. నిన్న తిన్నదేమిటో తెలియని మనిషి. సంభాషణ రికార్డవుతోంది, షరతులకు అంగీకరిస్తున్నారా అని అడిగితే, చేతులు ఏప్రానుకి తుడుచుకుని, నిటారుగా కూర్చుని, "అంగీకరిస్తున్నాను," అంది. చర్చిలో పెళ్ళినాడు కూడా అలాగే చెప్పి ఉంటుంది.

నాన్న మరణ ధ్రువపత్రం ఫోటో తీసి పంపమన్నారు. ఆగస్టులో మడిచిన మడత ఇవాళ విప్పాను. పంపాను.

ఇన్ని రోజులు! క్లారితా, నిచ్చెన మనిషి, బాబాయ్ ఇస్త్రీ చొక్కా, పెరేరా బస్సు, బస్సులో నా ఏడుపు. అన్నిటికీ ఒక్క మాట చాలేది. కాంట్రాక్టు రద్దవుతుందని, వారాలు పడుతుందని నేనే రాసుకున్నాను పైన, మళ్ళీ చదువుకున్నాను. ఎవరు చెప్పారు నాకా మాట? ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు.

డిసెంబర్ 14

అమ్మను అడిగాను. "నాన్న సంగతి నీకు తెలుసా అమ్మా? మొదటినుంచీ?"

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. బయటికే చూస్తూ అంది:

"కొన్ని రోజులు తెలుస్తుంది. కొన్ని రోజులు తెలియదు. తెలియని రోజున నిన్ను అడుగుతాను. నువ్వు పానెలాకి వెళ్ళాడంటావు."

"నీకు బాధ కలగకూడదని..."

"ఆగస్టు నుంచీ పానెలాకే వెళ్తున్నాడు. ఇంట్లో ఒక్క ముక్క లేదు. నాకు మతి లేదు గానీ మరీ అంత లేకుండా ఉందా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూంటే ఏడుపొచ్చింది. అమ్మ నా తల తన ఒళ్ళోకి లాక్కుని, "ఏడువ్. ఆయన కోసం ఇప్పటిదాకా ఏడవలేదు నువ్వు," అంది. సాయంత్రం అయ్యేదాకా అక్కడే ఉన్నాను. అన్నం కూడా వండలేదు, నిన్నటి బున్యుఎలోలు తిన్నాం.

డిసెంబర్ 15, సోమవారం

వచ్చాడు. పొద్దున్నే. అదే మనిషి, అదే నిచ్చెన.

"ఈ ఇల్లేగా? ఆ రోజు సాయంత్రం ఫోన్ వస్తుందని చూశాను మేడమ్. ఇంతకీ ఆయన వచ్చారా?"

"రాలేదు. మా నాన్న ఆగస్టులో చనిపోయారు," అన్నాను.

నా నోటితో అనడం అదే మొదలు. ఏమీ కూలిపోలేదు. అతను టోపీ తీసి పట్టుకుని, "ఆ రోజే చెప్పాల్సింది మేడమ్," అన్నాడు. "అవును," అన్నాను.

అతను స్తంభం ఎక్కినంతసేపూ నేను కిందనుంచి నిచ్చెన పట్టుకున్నాను. అవసరం లేదు మేడమ్ అంటున్నా వదల్లేదు. గోడ అవతలనుంచి ఎవేలియో బాబాయ్ ఎడమకి, కుడికి అని సలహాలు చెప్తూనే ఉన్నాడు. ఆ తీగలకి నిప్పు పెట్టింది తానే కానట్టు.

పాత పెట్టె తిరిగి ఇచ్చెయ్యాలట. ఒక్క నిమిషం ఆగమన్నాను. ఫోన్ తీసి చూశాను, దోన్ లిబార్దో, అన్ని గీతలూ నిండుగా ఉన్నాయి. తర్వాత నేనే ప్లగ్గు పీకాను. పేరు ఒక్కసారిగా పోలేదు. కాస్సేపు ఉండి పోయింది.

కొత్త పెట్టె వెలిగాక, "ఏం పేరు పెట్టమంటారు?" అన్నాడు. నేను నాన్న పేరే చెప్పబోయాను.

"నా పేరు పెట్టు బాబూ," అంది అమ్మ. "ఇన్నాళ్ళూ వీధిలో అందరూ ఆయన పేరే చూశారు. ఇక నాది చూడనీ."

పచ్చదీపం. పరీక్ష చేసి హేఫెర్సన్‌కి పంపాను. మధ్యాహ్నానికి నా కంప్యూటరు తాళం తీశారు. "శభాష్ అక్కా!" అని నవ్వు మొహాల బొమ్మలు, ఈసారి మూడు. భోజనానికి ఉండమంటే ఆ నిచ్చెన మనిషి ఉన్నాడు. బీన్స్ రెండుసార్లు పెట్టించుకున్నాడు.

డిసెంబర్ 16

పనిలోకి వెళ్ళాను. వెళ్ళాను అంటే ఆ గదిలోంచి ఈ గదిలోకి.

జారగోసా ముసలాయన నంబరు కోసం వెతికాను. మాకు అలా వెతికే వీలుండదు. ఎవరైనా మళ్ళీ "ఆమె ఇప్పుడు రాలేదు" అంటే ఏం చెప్పాలో మాత్రం తెలుసు. అది నా ముందున్న కాగితంలో లేదు.

డిసెంబర్ 17

కంపెనీ నుంచి ఫోన్. కొత్త కస్టమర్ల అభిప్రాయం తీసుకుంటున్నారట.

"ఖాతాదారు రుబియేలా గారు ఇంట్లో ఉన్నారా మేడమ్?"

అమ్మ ఈ పూట అంత బాగా లేదు. పొద్దుట నన్ను తన అక్క పేరుతో పిలిచింది. లిబార్దో ఏడే అని అడిగితే పక్కన కూర్చుని, ఉన్న మాట చెప్పాను. ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత లేచి ముఖం కడుక్కుని, సాయంత్రం క్రిస్మస్ ప్రార్థనకి వచ్చేవాళ్ళకి పెట్టడానికి పిండి కలపడం మొదలుపెట్టింది. పొయ్యి మీద నూనె ఇంకా కాగలేదని దాన్ని తిడుతోంది.

"ఉంది," అన్నాను. "ఇక్కడే ఉంది. ఒక్క నిమిషం ఆగండి, ఇస్తాను."

అమ్మ చేతుల నిండా పిండి. అందుకని ఫోన్ నేనే ఆమె చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డాను, ఆ అమ్మాయి అడగాల్సినవన్నీ అడిగేదాకా.